పనిగంటలకు సాక్షి: చిన్న సంస్థలలో స్వయంచాలక హాజరు

మానవులు పరస్పరము ఇచ్చిపుచ్చుకొను వస్తువులన్నింటిలో కాలము విలక్షణమైనది. ధాన్యమును కుంచముతో కొలువవచ్చును, బంగారమును తూచవచ్చును, వస్త్రమును మూరవేయవచ్చును; కొలతయందు సందేహము కలిగినచో ఆ వస్తువునే మరల తెప్పించి, మరల కొలిపించి, నిజమును నిర్ధారణ చేసికొనవచ్చును. కాని ఒక పనివాడు తన దినములోని ఎనిమిది గంటలను యజమానికి ధారపోసి ఇల్లు చేరిన పిమ్మట ఆ ఎనిమిది గంటలను మరల రప్పించి కొలుచుటకు లోకమున ఏ ఉపాయమును లేదు. కొలువదలచినచో అవి గడచుచున్నప్పుడే కొలువవలెను. కొలిచిన కొలతను ఇరువురును నమ్మదగిన చోట వ్రాసి యుంచవలెను. పనికాలపు లెక్కకు సంబంధించిన శాస్త్రమంతయు ఈ రెండు అవసరములనుండియే పుట్టినది: క్షణమును పట్టుకొనుట మొదటిది, పట్టుకొన్న క్షణమును వివాదమునకు అతీతముగ భద్రపరచుట రెండవది.

పెద్ద మిల్లులందును గనులందును ఈ కార్యమునకు టైమాఫీసు అను ప్రత్యేకశాఖ యుండును. మస్టరు వ్రాయుటకు గుమాస్తాలు, గేటువద్ద కావలివారు, షిఫ్టు మారునపుడు సైరను, అన్నియు కలవు. చిన్న సంస్థల పరిస్థితి వేరు. హైదరాబాదు బాలానగరులోనో, విజయవాడ ఆటోనగరులోనో పదిపండ్రెండుమంది పనిచేయు ఒక లేతు కార్ఖానాను తలచుకొందము. అచ్చట యజమానియే మేనేజరు, అతడే గుమాస్తా, ఆర్డరు తెచ్చువాడును అతడే, బ్యాంకుకు పోవువాడును అతడే. హాజరుపట్టీ బల్లపై నుండును గాని, దానిలో ఉదయము వ్రాయవలసినది సాయంకాలమునకును, సోమవారము వ్రాయవలసినది శనివారమునకును వాయిదా పడుచుండును. ఎవరు ఏ దినమున నాగా పెట్టిరో, ఎవరు ఒంటిపూట పనిచేసిరో, ఏ రాత్రి ఎవరు తొమ్మిదింటివరకు నిలిచి ఓటీ చేసిరో తేల్చుటకు నెల ముగియునప్పటికి జ్ఞాపకమే ఆధారమగును. వేయిమందికి లోబడిన సంస్థలలో మరుసటి నెల 7వ తేదీ దాటకుండ జీతము ముట్టవలెనని 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము విధించినది. ఆ గడువులోపల రెండు జ్ఞాపకములు ఎదురెదురుగ నిలిచినప్పుడు సాధారణముగ బలవంతుని జ్ఞాపకమే గెలుచును. యజమాని దురాశాపరుడు కానక్కరలేదు. వ్రాత లేనిచోటును అధికారము ఆక్రమించుట లోకసహజము. స్వయంచాలక హాజరుయంత్రము ఆ ఖాళీలో ఇరువురికిని సాక్షిగ నిలిచినప్పుడే దాని ప్రయోజనము నెరవేరును. ఆ సాక్షి ఎట్లు చూచునో, ఎట్లు లెక్కించునో, ఎచ్చట పొరపాటుపడునో ఈ అధ్యాయమున వివరింతును.

సాక్షి కొఱకు అన్వేషణము

కౌటిల్యుని అర్థశాస్త్రమున కాలమునకు నాళిక యను ప్రమాణము చెప్పబడినది. నాలుగు మాషముల బంగారముతో నాలుగంగుళముల పొడవున తీసిన గొట్టమునకు సరిపడు రంధ్రమును కుండకు చేసి, దానిగుండ ఒక ఆఢకము నీరు స్రవించుటకు పట్టు కాలము నాళిక. నేటి లెక్కలో అది 24 నిమిషములు. రాజు సైతము తన దినచర్యను నాళికలచేతనో నీడ కొలతచేతనో విభజించుకొనవలెనని ఆ గ్రంథము శాసించినది. కర్మకరులను గూర్చిన ప్రకరణమున, వేతనము ముందుగ మాటాడుకొననివానికి చేసిన పనిని, పట్టిన కాలమును అనుసరించి వేతనమీయవలెననియు, యజమానికిని పనివానికిని జరిగిన ఒప్పందము ఇరుగుపొరుగువారికి తెలిసియుండవలెననియు అదే గ్రంథము చెప్పుచున్నది. ఈ రెండవ నియమము లోతైనది. వేతనమును గూర్చిన సత్యము ఒక్క పక్షపు చేతిలో నుండరాదనియు, దానికి మూడవ కన్ను యుండవలెననియు అందలి తాత్పర్యము.

పాశ్చాత్యదేశములలో కర్మాగారయుగము ప్రవేశించునప్పటికి ఈ మూడవ కన్ను మరుగున పడినది. 18వ శతాబ్ది ఆరంభకాలమున ఇంగ్లండు ఈశాన్యభాగమున అంబ్రోస్ క్రౌలీ నడపిన ఇనుప కార్ఖానాల నియమావళి ప్రకారము, ప్రతి పనివాని రాకపోకలను నిమిషములతో సహా వ్రాయుటకు మానిటరు అను ఉద్యోగి యుండెను. భోజనాదులకు ఒకటిన్నర గంట తీసివేయగా దినమునకు పదమూడున్నర గంటల నికరమైన సేవ తేలవలెను. గడియారమును మానిటరు తప్ప మరియెవ్వరును దిద్దకుండునట్లు దానికి తాళము వేసి యుంచవలెనని ఆ నియమావళి కట్టడిచేసినది. దిద్దు అధికారము ఒకే చేతియందుండుటవలన కలుగు అనర్థము తరువాతి శతాబ్దిలో బయటపడినది: స్కాట్లండులోని డండీ నగరపు మిల్లులలో ఉదయమున గడియారములను ముందుకును, సాయంకాలమున వెనుకకును త్రిప్పుచుండిరనియు, సొంత గడియారమును జేబులో నుంచుకొనుటకే పనివారు వెరచుచుండిరనియు ఆనాటి కార్మికజీవితవృత్తాంతములు తెలుపుచున్నవి.

క్షణమును మనుష్యుని చేతినుండి తప్పించి యంత్రమునకు అప్పగించు ప్రయత్నము అమెరికాలో 1888 ప్రాంతమున ఫలించినది. న్యూయార్కు రాష్ట్రమందలి ఆబర్న్ పట్టణమున నగల వ్యాపారియైన విల్లర్డ్ బండీ రూపొందించిన యంత్రములో ప్రతి పనివానికిని సంఖ్యగల తాళపుచెవి యొకటి ఈయబడెను. దానిని యంత్రమున నుంచి త్రిప్పినంతనే ఆ సంఖ్యయు, గంటా నిమిషములును కాగితపు పట్టీపై అచ్చగుచుండెను. 1894లో రోచెస్టరు నగరవాసి డేనియల్ కూపరు ఈ పట్టీకి బదులుగ మనిషికొక కార్డును ప్రవేశపెట్టెను. చూచుటకు అల్పమైన ఈ మార్పు ఫలితమున ఘనమైనది. పట్టీపై అందరి రాకపోకలును కలగలసి యజమాని పెట్టెలో చిక్కియుండగా, కార్డుపై ఒక్కని వారమంతయు ఒక్కచోట చేరినది. ముద్ర వేసికొన్న ప్రతిసారియు తన లెక్కను తాను చూచుకొను అవకాశము పనివానికి కలిగినది.

ఇట్టి యంత్రములు చేయుటకు 1900లో ఏర్పడిన ఇంటర్నేషనల్ టైమ్ రికార్డింగ్ కంపెనీ, 1911లో ధరను లెక్కగట్టు త్రాసులు చేయు కంపెనీతోను, రంధ్రపత్రములతో జనాభా లెక్కలను తేల్చిన హెర్మన్ హొలరిత్ స్థాపించిన కంపెనీతోను ఏకమైనది. ఆ సమ్మిళితసంస్థయే 1924లో ఐబీఎం అను పేరు ధరించినది. త్రాసును కాలయంత్రమును ఒకే గూటికి చేరుట సముచితముగనే యున్నది; సంతలో త్రాసుముల్లు అమ్మువానికిని కొనువానికిని సమముగ కనబడవలెనను ధర్మమే కాలయంత్రమునకును వర్తించును. అయితే త్రాసునకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర కలదు. హాజరుయంత్రమునకు అట్టి ముద్ర వాడుకలో లేదు గనుక దానిని పరీక్షించు భారము దానిని వాడుకొను ఇరుపక్షములపైననే పడినది. 1977లో మార్క్ ఏన్ స్థాపించిన క్రోనాస్ అను సంస్థ 1979లో మైక్రోప్రాసెసరుతో నడచు కాలయంత్రమును తెచ్చిన పిమ్మట, ముద్రించుట, కూడుట, జీతము కట్టుట అను మూడు పనులు ఒకే తీగపై సాగుటకు మార్గమేర్పడినది. నేడు అదే సామర్థ్యము కొన్ని వేల రూపాయల పెట్టెలోను, ఒక్కొక్కచో జేబులోని ఫోనులోను ఇమిడియున్నది.

ఎవరు వచ్చిరి?

హాజరుయంత్రము ఏదైనను మూడు ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలెను: ఎవరు వచ్చిరి, ఎప్పుడు వచ్చిరి, మొత్తము ఎంత. వీనిలో మొదటిదానికి నాలుగు మార్గములు వ్యాప్తిలో నున్నవి.

అన్నింటికంటె సులభమైనది కార్డు. 125 కిలోహెర్ట్‌జులు గాని, 13.56 మెగాహెర్ట్‌జులు గాని పౌనఃపున్యముగల అయస్కాంతక్షేత్రమును యంత్రము వెలువరించుచుండును. కార్డులో బ్యాటరీ యుండదు. ఆ క్షేత్రము కార్డులోని తీగచుట్టయందు విద్యుత్తును ప్రేరేపింపగా, ఆ స్వల్పశక్తితోనే చిప్పు మేలుకొని తన సంఖ్యను యంత్రమునకు తెలుపును. ఇందలి లోపము స్పష్టమే: యంత్రము గుర్తించినది కార్డును గాని మనిషిని గాదు. స్నేహితుని కార్డును తెచ్చి అతని పంచి, అనగా హాజరుముద్ర, కూడ తానే కొట్టువానిని అది పట్టజాలదు.

ఈ లోపమును తీర్చుటకు వచ్చిన వేలిముద్ర చరిత్ర మన దేశముతో ముడివడి యున్నది. 1858లో వంగదేశమున జంగీపూరులో ఉద్యోగము చేయుచుండిన విలియం హెర్షెల్, రోడ్డు సామగ్రిని సరఫరా చేయుటకు రాజ్యధర్ కొనాయి అను కంట్రాక్టరుతో కుదిరిన ఒప్పందపత్రముపై అతని అరచేతి ముద్రను వేయించెను. తరువాత ఆ కంట్రాక్టరు మాట తప్పకుండుటకై చేసిన ఆ ఉపాయము వేలిముద్రల పరిశీలనకు నాందియైనది. 1897లో కలకత్తాలో నెలకొల్పబడిన వేలిముద్రల కార్యాలయమున అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇరువురు భారతీయులు ముద్రల వర్గీకరణపద్ధతికి గణితరూపమును కల్పించిరి. ఆ పద్ధతి వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరిట ప్రపంచమంతటను వ్యాపించినది. సరఫరా ఒప్పందమునుండి పుట్టిన విద్య నేరపరిశోధనలో పెరిగి, తుదకు కార్ఖానా గుమ్మమునకు చేరుట గమనింపదగిన పరిణామము.

యంత్రమున మనము వేలు నుంచిన గాజుపలక క్రింద కాంతి ప్రసరించుచుండును. చర్మపు గట్లు గాజును తాకినచోట కాంతి సంపూర్ణముగ పరావర్తనము చెందక నల్లగను, గట్ల నడిమి లోయలు తెల్లగను కనబడును. ఈ చిత్రమును యంత్రము సాధారణముగ అట్లే దాచియుంచదు. గట్లు ఎచ్చట ఆగినవో, ఎచ్చట రెండుగ చీలినవో వెదకి, ఆ బిందువుల స్థానములను దిశలను సంఖ్యలుగ మార్చి దాచుకొనును. మరునాడు వేలు పెట్టినప్పుడు క్రొత్త సంఖ్యలను పాతవానితో పోల్చి, పోలిక ఒక నియతమైన హద్దును దాటినచో లోనికి అంగీకరించును. రెండు ముద్రలెన్నడును అక్షరాల ఒకటిగ నుండవు గనుక ఈ హద్దు అనివార్యము; హద్దు ఉన్నంతకాలము రెండు విధముల పొరపాట్లును అనివార్యములు. హద్దును తగ్గించినచో పరాయివానిని మనవాడని పొరబడును. పెంచినచో మనవానినే పరాయివాడని త్రోసివేయును. ఒకదానిని తగ్గించి రెండవదానిని పెంచకుండ నుండుట ఆ యంత్రమునకు సాధ్యము కాదు.

ఇచ్చట చిన్న సంస్థకు ఒక సహజమైన సౌకర్యము కలదు. ఒక్కొక్క పోలికలో పరాయివానిని అంగీకరించు ప్రమాదము పదివేలలో ఒకటి యనుకొందము. వేలు పెట్టినప్పుడెల్ల యంత్రము పట్టికలోని అందరితోను పోల్చి చూచుచున్నచో, ఇరువదిమందిగల కార్ఖానాలో ఆ ప్రమాదము దాదాపు ఐదువందలలో ఒకటి. రెండువేలమందిగల మిల్లులో అదియే దాదాపు ఐదింట ఒకటికి పెరుగును. కావున చిన్న సంస్థవారు హద్దును కొంత సడలించి, పనివారు గుమ్మమున మరల మరల త్రోసివేయబడు బాధను తగ్గింపవచ్చును. ఆ బాధ చిన్నదిగాదు. సిమెంటు కలుపు మేస్త్రీలకు, ఇనుము రాపాడించు ఫిట్టర్లకు, సబ్బునీటిలో చేతులు నానబెట్టువారికి చర్మపు గట్లు అరిగి యంత్రమునకు అగపడవు. ఎవనిచేత కష్టమైన పని జరుగుచున్నదో వానినే గుర్తింపజాలని యంత్రమున్నచోట, కార్డుగాని రహస్యసంఖ్యగాని ప్రత్యామ్నాయముగ ఉంచుట యజమానికి ధర్మము. అది దయాభిక్షగ భావింపరాదు.

ముఖమును గుర్తించు యంత్రము ముఖచిత్రమును కొన్ని వందల సంఖ్యల వరుసగ మార్చి, ఆ వరుసల మధ్య దూరమును లెక్కించును. చేతులు మురికిగ నున్నవారికి ఇది అనుకూలమే. కాని ఎట్టి ముఖములతో యంత్రమునకు శిక్షణ ఈయబడినదో అట్టి ముఖములయందే దానికి నేర్పు హెచ్చును. ముఖమును చూచి స్త్రీపురుషభేదమును చెప్పు వ్యాపారసాధనములను 2018లో జాయ్ బువోలమ్వీనీ, టిమ్నిట్ గెబ్రూ పరీక్షింపగా, తెల్లని పురుషుల విషయమున పొరపాటు 0.8 శాతమును మించకుండగా, నల్లని స్త్రీల విషయమున ఒక సాధనమునందు 34.7 శాతము వరకు పోయినది. కావున ఏ యంత్రమునైనను కొనుటకు ముందు తన పనివారందరితోను, ఉదయపు ఎండలోను సాయంకాలపు మసకలోను పరీక్షించి చూచుట వివేకము.

ఊరూర తిరుగు సేల్సుమనుష్యులకును, ఇంటింటికి పోయి పనిచేయు మెకానిక్కులకును ఫోనే హాజరుయంత్రము. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహముల సంకేతములు చేరుటకు పట్టు కాలమునుబట్టి ఫోను తన స్థానమును గణించుకొనును. ఈ గణనలో మైక్రోసెకండు తేడా యనగా 300 మీటర్ల తేడా. ఆకాశము విశాలముగ కనబడుచోట ఫోను ఐదు మీటర్ల వరకు సరిగ చెప్పగలదు. రేకుల షెడ్డులోను, ఎత్తైన భవనముల సందులోను దాని మాట అంత నమ్మదగినది గాదు. ఆఫీసుచుట్టు గీచిన వృత్తము మిక్కిలి చిన్నదైనచో లోపల కూర్చున్నవాడే బయట ఉన్నట్లు నమోదగును.

ఎప్పుడు వచ్చిరి?

రెండవ ప్రశ్న తేలికయని పలువురు భావింతురు. గోడగడియారము చూపినదే కాలముగదా యందురు. యంత్రములోని చిన్న స్ఫటికము సెకండునకు 32,768 మారులు కంపించును. ఆ కంపనములను పదునైదు పర్యాయములు సగము చేసినచో సరిగ ఒక సెకండు వచ్చును. ఈ స్ఫటికమునకు పదిలక్షలలో 20 వంతుల తేడా సామాన్యము. అది దినమునకు 1.7 సెకండ్లే; నెలకు నిమిషమునకు లోపు; కాని సంవత్సరమునకు పదినిమిషములకు పైగ. ఇంతేకాక ఈ జాతి స్ఫటికము 25 డిగ్రీల వేడివద్ద సరిగ నడచుటకు మలచబడినది. అంతకు పైనను క్రిందను మందగించును. పల్నాటి రెంటచింతల ఎండలలో 45 డిగ్రీల వేడిలో వ్రేలాడు యంత్రము ఆ కారణముచేతనే దినమునకు మరి యొక సెకండునకు మించి వెనుకబడును.

ఈ దోషమునకు విరుగుడు ఇంటర్నెట్టుద్వారా కాలమును సరిచేసికొనుట. డేవిడ్ మిల్స్ రూపకల్పన చేయగా 1985నుండి వ్యవహారములో నున్న పద్ధతి ప్రకారము, యంత్రము కాలమును అడిగిన క్షణము, సర్వరు ఆ ప్రశ్నను అందుకొన్న క్షణము, ప్రత్యుత్తరము పంపిన క్షణము, అది యంత్రమునకు చేరిన క్షణము అను నాలుగింటినుండి ప్రయాణకాలమును లెక్కించి తీసివేసి అసలు తేడాను కనుగొందురు. భారతదేశపు ప్రామాణికకాలమునకు కొత్తఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆధారము. నెట్టు లేని కార్ఖానాలో వారమునకొకసారి మేస్త్రీయు, పనివారి పక్షమున నొకరును కలిసి ఫోను చూపు కాలముతో యంత్రమును సరిచూచి, దిద్దిన విషయమును వ్రాసి సంతకము చేసినచో చాలును. క్రౌలీ తాళపుచెవిని ఒక్కని చేతినుండి ఇరువురి చేతులకు మార్చుటయే యిది.

మొత్తము ఎంత?

యంత్రము నిజముగ చూచినది కొన్ని క్షణములను మాత్రమే. పనిగంటలను అది చూడలేదు. వానిని మనుష్యులు నియమించిన సూత్రముల ప్రకారము గణించినది. వివాదములు అధికముగ పుట్టునది ఈ గణనయందే గాన, ఇచ్చట కొంత ఆగి విచారింపవలెను.

చవుక యంత్రములు పెక్కు రాకను పోకను వేరుచేయవు. సాఫ్ట్‌వేరు మొదటి పంచిని రాకగను, రెండవదానిని పోకగను, మూడవదానిని మరల రాకగను గ్రహించును. మధ్యాహ్నము టీకి పోవుచు ఒకడు పంచి మరచెనా, అటుపై ఆ దినపు జతలన్నియు తలక్రిందులగును. రాత్రి పదింటికి వచ్చి ఉదయము ఆరింటికి పోవు షిఫ్టువానికి మరియొక చిక్కు: అర్ధరాత్రివద్ద దినమును ఖండించు లెక్కలో అతడు ఒక దినము వచ్చి పోనివాడుగను, మరునాడు రాకయే పోయినవాడుగను కనబడును. దినము మారు గడియను ఎవ్వరును పనిలో లేని వేళకు జరుపుటయు, తప్పిపోయిన పంచిని ఊహించి పూరింపక ఇరువురి అంగీకారముతో పూరించుటయు, పూరించినప్పుడు పాత నమోదును చెరిపివేయక దానిప్రక్కనే దిద్దుబాటును, దిద్దినవాని పేరును, కారణమును నిలుపుటయు ఈ చిక్కులకు పరిష్కారములు.

తరువాతిది గంటలను దశాంశములుగ మార్చుట. 8 గంటల 45 నిమిషములనగా 8.75 గంటలు, దానిని 8.45 అని వ్రాసి గంటకూలితో గుణించు పొరపాటు చిన్నసంస్థల లెక్కపుస్తకములలో సులభముగ చొరబడును. నెలకు 15,600 రూపాయల జీతమును 26 దినములతో భాగించినచో దినమునకు 600, ఎనిమిది గంటల లెక్కన గంటకు 75 రూపాయలు. పై పొరపాటువలన దినమునకు 0.3 గంట, అనగా 22 రూపాయల 50 పైసలు పోవును. నెల తిరుగునప్పటికి 585 రూపాయలు, దాదాపు ఒక దినపు కూలి, ఎవరి దురుద్దేశమును లేకుండగనే అదృశ్యమగును.

మూడవదియు మిక్కిలి ముఖ్యమైనదియు నిమిషములను గుండుచేయుట, అనగా ఉన్న నిమిషములను పావుగంటవంటి హద్దునకు సర్దివేయుట. దీని స్వరూపమును స్పష్టపరచిన వ్యాజ్యము అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున మౌంట్ క్లెమెన్స్ పట్టణపు కుండల కార్ఖానాలో పుట్టినది. అచ్చట పంచి కొట్టిన తరువాతి పావుగంటనుండి, మరల పంచి కొట్టుటకు ముందటి పావుగంటవరకు మాత్రమే పనికాలముగ లెక్కించుచుండిరి. ఆ లెక్కలో ఉదయము 6.46కు వచ్చి 12.14కు పోయి, మరల 12.46కు వచ్చి సాయంకాలము 4.14కు పోయినవానికి యంత్రము ప్రకారము 8 గంటల 56 నిమిషములైనను, జీతము ప్రకారము 8 గంటలే దక్కెను. 1946లో అమెరికా సర్వోన్నతన్యాయస్థానము ఈ వ్యాజ్యమున రెండు ముఖ్యవిషయములు చెప్పినది. పంచి కొట్టిన క్షణములన్నియు పనిచేసిన కాలమే యని భావింపనక్కరలేదని మొదటిది. గుమ్మమునుండి పనిస్థలమునకు నడచుకాలమును గూర్చి అది చేసిన నిర్ణయమును మరుసటి సంవత్సరమే అమెరికా కాంగ్రెసు చట్టముద్వారా మార్చివేసినది. రెండవది నేటికిని నిలిచియున్నది: సరియైన రికార్డు ఉంచవలసిన బాధ్యత యజమానిది గనుక, అతడు ఉంచనిచోట పనివాడు చూపు సమంజసమైన అంచనాయే చాలునని, దానిని ఖండించు భారము యజమానిపై పడునని న్యాయస్థానము నిర్ణయించినది.

గుండుచేయు ఆచారము చేతితో కూడికలు వేయు గుమాస్తా శ్రమను తగ్గించుటకు ఉపకరించినది. ఐదు, ఆరు, పదునైదు నిమిషములకు గుండుచేయుటను అమెరికా నిబంధనలు అనుమతించినను, దీర్ఘకాలమున పనివానికి నష్టము రాకుండునట్లు అటునిటు సమముగ నుండవలెనని షరతు పెట్టినవి. ఎల్లప్పుడును ఒకవైపునకే పావుగంటకు గుండుచేసినచో సగటున పంచి యొక్కింటికి 7 నిమిషములు పోవును. దినమునకు రెండు పంచుల చొప్పున 26 దినములకు 6 గంటల 4 నిమిషములు. కంప్యూటరు 26 దినముల నిమిషములను రెప్పపాటులో కూడగలిగినప్పుడు, గుండుచేయుటకు గల మొదటి కారణమే తొలగిపోయినది. చిన్నసంస్థకు శ్రేయస్కరమైన నియమము ఒక్కటే: వచ్చిన నిమిషమును వచ్చినట్లే కూడవలెను. ఆలస్యమునకు ఐదో పదో నిమిషముల మినహాయింపు ఈయదలచినచో దానిని ప్రత్యేకముగ, బహిరంగముగ ప్రకటింపవలెను.

ఈ నిమిషములకు చట్టములో విలువ కలదు. 1919లో వాషింగ్టనులో అంతర్జాతీయ కార్మికసంస్థ ఆమోదించిన మొదటి ఒడంబడిక దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అను పరిమితిని నెలకొల్పినది. మన దేశమున 1948 నాటి కర్మాగారముల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు హద్దుగ నుంచి, ఐదు గంటల పనికి మించకుండ అరగంట విశ్రాంతిని, హద్దు దాటిన కాలమునకు రెట్టింపు వేతనమును విధించినది. రెట్టింపు వేతనపు సూత్రమును 2020 నాటి శ్రమసంహితయు నిలుపుకొన్నది. గంటకు 75 రూపాయల కూలివానికి లెక్కకెక్కని ఓటీ గంట యొక్కొక్కటి 150 రూపాయల నష్టము. అదేవిధముగ, ఇచ్చిన ఓటీని ఇచ్చితినని నిరూపింపజాలని యజమానికిని నష్టమే. తనిఖీ వచ్చిననాడు అతనిని రక్షించునదియు ఆ నమోదే.

సాక్ష్యము ఎవరి సొత్తు?

పనివానినుండి గ్రహించు సమాచారము రెండు విధములు. వచ్చిన గడియ, పోయిన గడియ మొదటిది. వేలు, ముఖము, తిరిగిన చోటు రెండవది. మొదటిది ఉభయులకును చెందినది. 2019 మే 14న ఐరోపా న్యాయస్థానము ఒక స్పానిష్ కార్మికసంఘము తెచ్చిన వ్యాజ్యమున, దినదినపు పనికాలమును కొలుచుటకు నిష్పాక్షికమును, విశ్వసనీయమును, అందుబాటులో నుండునదియు అగు పద్ధతిని యజమానులు ఏర్పరచునట్లు సభ్యరాజ్యములు విధింపవలెనని తీర్పు చెప్పినది. అట్టి పద్ధతి లేనిచో పనివాడు తన హక్కును నిరూపించుకొనుట అత్యంతకష్టమని దానికి హేతువు చూపినది. సంస్థ పరిమాణమునుబట్టి పద్ధతి వేరుగ నుండవచ్చుననియు ఆ తీర్పే అంగీకరించినది గనుక, పదిమందిగల కార్ఖానాకు మిల్లువలె ఖర్చు పెట్టవలసిన పనిలేదు.

రెండవ విధమైన సమాచారము పనివాని శరీరమునకు చెందినది. పాస్‌వర్డు పోయినచో మార్చుకొనవచ్చును. వేలిముద్ర పోయినచో మార్చుకొనుటకు క్రొత్త వేలు రాదు. అందుచేత అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రము 2008లోనే, వేలిముద్రను గాని ముఖపు కొలతలను గాని గ్రహించుటకు ముందు ప్రయోజనమును వ్రాతమూలముగ తెలిపి, వ్రాతమూలముగనే సమ్మతిని తీసికొనవలెనని శాసించి, అజాగ్రత్తకు వేయి డాలర్లు, బుద్ధిపూర్వకమైన ఉల్లంఘనకు ఐదువేల డాలర్లు పరిహారముగ నిర్ణయించినది. మన దేశమున వ్యక్తిగతగోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఉద్యోగప్రయోజనమునకై సమాచారమును వాడుటకు వెసులుబాటు ఇచ్చినను, దానిని భద్రముగ కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని పేర్కొన్నది. చిన్నసంస్థ యజమాని దీనినుండి గ్రహింపవలసిన నీతి సరళమైనది: అవసరమైనదానికంటె ఎక్కువ సేకరింపరాదు, ముద్రనుండి తీసిన సంఖ్యలు యంత్రములోనే నిలువవలెను గాని ఊరూర సర్వర్లకు పోరాదు, పనివాడు పని మానిననాడే అతని ముద్రను తుడిచివేయవలెను, పనివేళ ముగియగానే ఫోనులోని స్థానసూచన ఆగిపోవలెను.

యంత్రము చూడజాలనిది

ఇన్ని గుణములున్నను హాజరుయంత్రము కొలుచునది ఉనికిని మాత్రమే, పనిని గాదు. 1881లో మిడ్‌వేల్ ఉక్కు కార్ఖానాలో ఫ్రెడరిక్ టేలరు స్టాప్‌వాచీతో పనివారి కదలికలను కొలువ నారంభించిననాటినుండి, ఉనికినుండి శ్రమను, శ్రమనుండి నిష్ఠను గణింపవలెనను ఆశ పరిశ్రమాధిపతులను విడువలేదు. నేడు కంప్యూటరు తెరను పదేపదే చిత్రించు సాఫ్ట్‌వేరులు ఆ ఆశకు సంతానము. లేతుమీద క్రొత్త జాబు బిగించుటకు ముందు అనుభవశాలియైన టర్నరు చేతులు కట్టుకొని డ్రాయింగును చూచుచు నిలుచు పదినిమిషములే ఒక్కొక్కప్పుడు ఆ దినపు అత్యుత్తమమైన పని. ఆ పదినిమిషములను కొలుచు యంత్రము లేదు. దానిని గుర్తించు చూపు యజమానికే యుండవలెను. పదిమంది పనితనమును కన్నులార చూడగల చిన్నసంస్థ యజమాని, ఆ చూపును యంత్రమునకు అప్పగించినచో తనకున్న గొప్ప బలమును తానే పోగొట్టుకొనును.

కావున యంత్రమును కొనదలచిన చిన్నసంస్థల యజమానులకు నా మనవి ఇది. ముందుగ షిఫ్టు వేళలు, విశ్రాంతి, ఆలస్యపు మినహాయింపు, ఓటీ లెక్క అను నాలుగింటిని ఒక కాగితముపై తెలుగున వ్రాసి, అందరికిని చదివి వినిపించి, గోడకు అంటింపుడు. ఒక నెలపాటు పాత పట్టీని, క్రొత్త యంత్రమును జంటగ నడిపి, తేడా వచ్చినచోటనెల్ల కారణమును వెదకుడు. బటవాడాకు మూడు దినములు ముందుగ ప్రతి పనివానికి తన నెల పంచులన్నియు గల చీటీని గాని, ఫోనుకు సందేశమును గాని పంపి, అభ్యంతరము చెప్పుటకు గడువీయుడు. వచ్చిన అభ్యంతరమును దిద్దుబాటుగ నమోదుచేయుడు. ఎవరు దిద్దిరో వారి పేరును వ్రాయుడు. ఈ నాలుగు పనులకు ఖర్చు స్వల్పము, క్రమశిక్షణ అధికము. ఇవి జరుగుచోట అతి చవుకైన కార్డుయంత్రమును న్యాయమైన సాక్షి యగును. ఇవి జరుగనిచోట ముఖమును గుర్తించు అతి ఖరీదైన యంత్రమును యజమాని మాటనే అంకెలలో పలుకును. పనివాడు తన కాలపు లెక్కను తానే చదివి, ప్రశ్నించి, ఒప్పుకొన్న పిమ్మట జీతము తీసికొను సంస్థలోనే ఈ విజ్ఞానము సార్థకమగును.